కాలువ కట్టేసిన నెల

తెగిన హవాయి చెప్పుకి ఒక జవాను.
చిల్లుపడ్డ ప్లాస్టిక్ బిందెకి ముగ్గురు.
పాత సామాన్ల సాయిబు సైకిలు గంట మోగితే
మా వీధరుగు మీద చెప్పులన్నీ వణికేవి.
"ఆడపిల్లవి, నీకు తుపాకులేంటే" అనేది మామ్మ,
కళ్ళజోడు పెట్టె ముందుజాగ్రత్తగా కొంగులో దాచుకుంటూ.

వేలెడంత మనుషులు. నాచుపచ్చ.
నడినెత్తి నుంచి నడుం దాకా అచ్చు అతికిన గీత.
కాళ్ళకింద చిన్న బిళ్ళ,
అది విరిగితే ఎంత వీరుడైనా బోర్లా పడాల్సిందే.
మోకాలి మీద కూర్చుని కాల్చేవాడు,
వీపున వైర్‌లెస్ డబ్బా మోసేవాడు,
బాంబు విసరడానికి చెయ్యెత్తి
ఎప్పటికీ విసరనివాడు.

అంతర్వేది తీర్థంలో రథం కనపడాలని
నాన్న నన్ను భుజానికెత్తుకుంటే
అంత ఎత్తునుంచి నేను వెతికింది బొమ్మల కొట్టు.
బైనాక్యులర్లవాడు మాత్రం అక్కడా లేడు.
మోషే దగ్గర ఇద్దరున్నారు.
ఒకణ్ణి ఇమ్మంటే నా వెండి పట్టీ గజ్జెలు రెండడిగాడు.
ఇచ్చేశాను.
ఇంట్లో ఇప్పటికీ అవి కాకి ఎత్తుకెళ్ళినట్టే లెక్క.

మే నెలలో లాకులు దించి కాలువ కట్టేసేవారు.
అడుగున ఒండ్రు ఎండి, బీటలిచ్చి
అప్పడాల్లా అంచులు లేచేది.
ఒక్కో పెళ్ళ ఒక్కో దేశం.
కొబ్బరి పీచు ముళ్ళకంచె, బోర్లించిన చిప్పలు బంకర్లు.
రోజూ మధ్యాహ్నం నలభైముగ్గురు చచ్చిపోయేవారు,
దీపాలవేళకి లేచి మా జేబుల్లో ఇళ్ళకొచ్చేవారు.

ఆ ఏడు మోషే చిన్నాన్న ఏసురత్నం
సెలవు మీద వచ్చాడు. నిజం మిలట్రీ.
గట్టు మీద గొంతుక్కూర్చుని, బీడీ ఆరిపోయేదాకా చూసి
"వీడి పేరేంటి?" అన్నాడు.
మేం మొహామొహాలు చూసుకున్నాం.
జవానుకి పేరేంటి?

లుంగీ ఎగ్గట్టి కాలువలోకి దిగాడు.
రెండు వేళ్ళతో ఒక్కొక్కణ్ణీ ఎత్తి చెప్పాడు:
వీడు కురియకోస్, పేకాటలో నాకు పదకొండు రూపాయలు బాకీ.
వీడు బలదేవ్, నిద్దట్లో
ఊళ్ళో ఉన్న గేదెని పేరుపెట్టి పిలుస్తాడు.
వీడు కాల్చడం లేదురా, బూటు లేసు కట్టుకుంటన్నాడు.
వీడు తమాంగ్. చలికి పళ్ళు కటకటలాడిస్తే
పక్కవాడికి నిద్రుండదు.
పొద్దు వాలేదాకా అలా.
చిట్టచివరివాణ్ణి అరచేతిలో ఇటూ అటూ తిప్పి
ఏమీ అనకుండా నిలబెట్టేశాడు.

రెండోరోజు మోషే గురిపెట్టాడు గానీ
ఎదురుగా ఉన్నది బలదేవ్.
"గేదెకి మేతెవరేస్తారే" అన్నాడు.
ఇక యుద్ధం సాగలేదు.
వాళ్ళకి అన్నాలు వండాం, ఉత్తరాలు రాయించాం,
అగ్గిపెట్టెల్లో పడకలేశాం.
ఏసురత్నం పంటెక్కి నర్సాపురం రైలుకి వెళ్ళిపోయాడు.

జూన్‌లో ఎవరూ చెప్పకుండానే నీళ్ళొదిలారు.
ఎర్రగా, నురగలతో, తాటి డొక్కలు దొర్లించుకుంటూ.
మోకాళ్ళ లోతులో పరిగెత్తి ఏరాం.
గట్టు మీద వరసబెట్టి మూడుసార్లు లెక్కపెట్టాం.
నలభైరెండు.
కురియకోస్ లేడు.

ఇన్‌లాండు కవరు మీద నా దస్తూరీ, మోషే మాటలు:
"ఇక్కడ అందరం క్షేమం. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాం."
'అందరూ' దగ్గర పెన్ను ఆగి సిరా మచ్చయింది.

ఆగస్టులో జవాబొచ్చింది. చివర్న ఒక ముక్క:
కురియకోస్ బాకీ తీర్చేశాడని పిల్లలకి చెప్పండి.
మోషే ఎగిరి గంతేశాడు,
పోయినోడు డబ్బులివ్వడు కదే అని.
నేనూ ఎగిరాను.
ఉత్తరం మడతలో చిల్లర నోట్లేమైనా ఉన్నాయేమోనని
వాళ్ళ నాయనమ్మ దులిపి చూసింది.

ఇప్పటికీ కాలువ కట్టేసిన నెలలో
వంతెన మీద బండి నెమ్మదిస్తాను.
బురదలో పచ్చగా ఏదో మెరుస్తుంది.
పోయినేడు అది మాత్రల అట్ట.
అంతకుముందు సీసా మూత.
వెనక ఆటోవాడు హారన్ కొడతాడు.